చిత్రశాలలో సంగీతము

కళలకు మూడు తాళములు వేయుట లోకమునందు పరిపాటి. మొదటిది రుసుము, రెండవది వేళ, మూడవది పుట్టుక. రుసుము చెల్లింపలేనివాడు మొదటి తాళమువద్ద నిలిచిపోవును. రుసుము లేకున్నను, పగలంతయు కూలిపనిలో నుండువాడు వేళ కుదరక రెండవదానివద్ద నిలిచిపోవును. ధనమును తీరికయు రెండును గలిగియు, ఫలానా జాతివాడవు గనుక రావలదని త్రోసివేయబడువాడు మూడవదానివద్ద నిలిచిపోవును. దాతల ధనముచేతను, ప్రజల పట్టుదలచేతను మొదటి రెండు తాళములను తీయవచ్చును. మూడవది అంత సులభముగా ఊడునది కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరమున, మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలలో, 1918 మొదలు 1947 వఱకు జరిగిన ఉచిత సంగీతసభల చరిత్రలో ఈ మూడు తాళముల కథయు గలదు. అందు ఒక గిటారు కథయు ఇమిడియున్నది. చదువరులు రెంటిని కలిపి చూడవలెనని నా కోరిక.

ఆ ప్రదర్శనశాల 1870లో స్థాపింపబడెను. 1880లో సెంట్రల్ పార్కు అను విశాలోద్యానమునందు దానికి స్వంతభవన మేర్పడెను. సామాన్యజనులకు కళాజ్ఞానము కలిగింపవలెనని స్థాపకులు ప్రకటించిరి. అయినను చాలకాలము ఆదివారమునాడు తలుపులు మూసియే యుంచిరి. విశ్రాంతిదినమున చిత్రశాల తెఱచుట దైవాపరాధమని కొందఱు ధర్మకర్తలును మతాచార్యులును వాదించిరి. ఆనాటి కార్మికునకు వారమునకు ఆరుదినములు పని. అతనికి తీరికగల ఒక్కదినమున తలుపు మూసి, తీరికలేని దినములలో తెఱచియుంచినచో, ప్రజలకొఱకు అను మాటకు అర్థమేమి? పత్రికలు ఈ ప్రశ్ననే అడిగెను. పౌరులు వేలకొలది సంతకములతో విన్నపములు పంపిరి. తుదకు 1891 మే 31వ తేదీ, ఆదివారమునాడు, తలుపులు తెఱవబడెను. జనము క్రిక్కిరిసి వచ్చిరి. ఆనాడు రెండవ తాళము ఊడెను.

ఇంతకు రెండేండ్లు ముందు, 1889లో, మేరీ ఎలిజబెత్ ఆడమ్స్ బ్రౌన్ అను మహిళ తాను సేకరించిన వాద్యములను ఈ శాలకు దానమిచ్చెను. తరువాతి సంవత్సరములలో ఆ సేకరణ పెరిగి మూడువేలకు మించెను. ఆమె దానికి తన భర్త పేరు పెట్టెను. ఆఫ్రికా మద్దెలలు, చైనా తంత్రీవాద్యములు, ఐరోపా పియానోలు, గిటారులు మాత్రమే గాక, మనదేశపు వాద్యములును అందు చేరెను. నెమలి యాకారమున చెక్కి, నిజమైన పింఛముతో అలంకరించిన మయూరీవాద్యమును నేటికిని అచ్చట చూడవచ్చును. కాని అద్దపు బీరువాలో నున్న వాద్యము మూగది. దానిని చూచి, ఇది కొయ్య, ఇది తంతి, ఇది దంతము అని చెప్పగలము. దాని ప్రాణమైన నాదమును కన్నుతో తెలియజాలము. ఆ నిశ్శబ్దమందిరమునకు సంగీతము రావలసిన యావశ్యకత ఇట్లు మొదటినుండియు కలదు. అది వచ్చుటకు ఒక యుద్ధము కారణమయ్యెను.

1918లో మొదటి ప్రపంచయుద్ధము ఇంకను సాగుచుండెను. న్యూయార్కు రేవునుండి యువకులు ఓడలెక్కి ఐరోపా రణరంగమునకు పోవుచుండిరి. ఆ సైనికులకును నావికులకును ఆహ్లాదము కలిగింప ప్రదర్శనశాలవారు సంగీతసభల నేర్పాటుచేసిరి. వాద్యబృందమునకు నాయకుడుగా డేవిడ్ మానెస్ అను ఫిడేలు విద్వాంసుని పిలిచిరి. యుద్ధము ముగిసెను గాని సభలు ఆగలేదు. శీతకాలపు శనివారపు రాత్రులలో సర్వజనులకును ప్రవేశమిచ్చి, ఏటేట వానిని నడపిరి. చేయికఱ్ఱ మాత్రము దాదాపు ముప్పదియేండ్లు మానెస్ చేతిలోనే యుండెను.

ఐదవ అవెన్యూ వీధి కెదురుగా 1902లో తెఱవబడిన మహామంటపమున ఈ సభలు జరిగెడివి. పైన ఎత్తైన గుమ్మటములు, చుట్టును మేడవసారా. వాద్యబృందము ఆ వసారాలో కూర్చుండి వాయించుచుండ, నాదము గుమ్మటములనుండి క్రిందికి దిగివచ్చెడిది. క్రింద జనము వేలకొలది. కుర్చీలు కొలదియే. పలువురు మెట్లమీదను, నేలమీదను కూర్చుండిరి. తక్కినవారు స్తంభముల ప్రక్కను, చుట్టుపట్ల శాలలలోను నిలుచుండిరి. సంగీతభవనములలో మంచి యాసనమునకు వెల పెట్టలేనివారికి బేథోవెన్ వంటి మహావాగ్గేయకారుల కృతులు ఇట్లు వినవచ్చెను. విరామవేళ లేచి నాలుగడుగులు వేసినచో ప్రాచీన శిల్పములు కన్నులయెదుట నుండెను. చెవికిని కంటికిని ఒక్కచోటనే విందు.

ఊరక వచ్చినదానికి విలువ యుండదని పెద్దలు కొందఱు చెప్పుదురు. ఒక అణాయైనను పుచ్చుకొన్నగాని వినువాడు శ్రద్ధగా వినడని వారి యభిప్రాయము. ఈ సభలే దానికి సమాధానము. ముప్పదియేండ్లపాటు, చలికాలమున, కూర్చుండుటకు చోటులేదని తెలిసియు, జనము మరలమరల వచ్చిరి. రెండుగంటలు కాళ్లపై నిలిచి వినినవాడు ఏమియు చెల్లింపలేదని యెట్లనగలము? వెల నాణెములతోనే చెల్లింపబడవలెనను నియమము వర్తకునిది. విద్యకు ఆ నియమము లేదు.

అయినను ఒక సత్యమును మఱువరాదు. వినువారికి ఉచితమైనంతమాత్రమున అది వ్యయములేనిది కాదు. వాద్యగాండ్రకు జీతమీయవలెను, వారికిని కుటుంబములు గలవు. ఈ సభల వ్యయమును జాన్ డి. రాకిఫెల్లర్ జూనియర్ మొదలగు శ్రీమంతులు భరించిరి. అందుచేత దీనిని దాతృత్వ మనవచ్చును. కాని దాతృత్వమునకు ఒక లోపము గలదు: దాత మనసు మారిన, తలుపు మూతపడును. ఈ సభలకు ధనము శ్రీమంతులదైనను, ప్రాణము మానెస్‌ది. ఆయన తన పనిని దానముగా తలపలేదని నా నమ్మకము. దానికి కారణము ఆయన బాల్యమునందున్నది.

మానెస్ 1866లో న్యూయార్కు నగరమున, పోలండు నుండి వలసవచ్చిన బీద యూదు కుటుంబమున జన్మించెను. బాలుని ఫిడేలు వినికిని మెచ్చి, విద్య చెప్పిన గురువులలో జాన్ థామస్ డగ్లస్ అను నల్లజాతి విద్వాంసు డొకడు. డగ్లస్ 1847లో జన్మించెను. ఇరువదియొక యేండ్ల వయసున, 1868లో, ఆయన 'వర్జీనియాస్ బాల్' అను సంగీతనాటకమును రచించెను. అమెరికా నల్లజాతివారు రచించిన సంగీతనాటకములలో అదియే మొదటిదని చరిత్రకారులు సాధారణముగా చెప్పుదురు. ఆయన ఐరోపాలోను విద్య నభ్యసించెను. సమకాలికులు ఆయనను ఫిడేలు మహావిద్వాంసుడని కొనియాడిరి. తిరిగివచ్చిన పిదప సింఫనీ వాద్యబృందములలో చోటు కోరెను. శరీరవర్ణమును చూచి చోటీయరైరి. సంచార నాటకబృందములతో ఊరూర తిరిగియు, పాఠములు చెప్పియు జీవించి, 1886లో, నలువదియేండ్లు నిండకయే మరణించెను.

ఇప్పుడు శిష్యుని చరిత్ర చూడుడు. 1891లో, అనగా ప్రదర్శనశాల ఆదివారపు తలుపు తెఱచిన సంవత్సరముననే, మానెస్ న్యూయార్కు సింఫనీ వాద్యబృందమున చేరెను. 1898లో దాని ప్రథమ ఫిడేలు విద్వాంసుడయ్యెను. గురువునకు మూయబడిన తలుపు శిష్యునకు తెఱవబడెను. చేతిలోని విద్యలో కొంత గురువుదే. మేనిరంగు మాత్రము వేఱు. ఇట్టిచోట అనేకులు తమ ప్రతిభయే తమ్ము తెచ్చెనని తృప్తిపడి యూరకుందురు. మానెస్ అట్లు ఊరకుండలేదు. తాను పొందినది తనది మాత్రమే కాదనియు, మఱియొకనికి రావలసినది తనకు వచ్చెననియు ఆయన యెఱుంగును. 1938లో ప్రకటించిన ఆత్మకథయందు డగ్లస్‌ను ఆయన కృతజ్ఞతతో స్మరించెను.

స్మరించుటతో తృప్తిపడలేదు. 1911లో హార్లెమ్ ప్రాంతమున నల్లజాతివారికొఱకు ఒక సంగీతపాఠశాల వెలసెను; దాని స్థాపనయందు మానెస్ ముఖ్యుడు. గురుఋణమును తీర్చుటయే ఆయన యుద్దేశ్యము. ఆ పాఠశాల సహాయార్థము 1912 మే 2వ తేదీన కార్నెగీ హాలులో జేమ్స్ రీస్ యూరప్ నాయకత్వమున క్లెఫ్ క్లబ్బు వాద్యబృందము కచేరిచేసెను. వాద్యగాండ్రు నూరుమందికి పైబడిరి, అందఱును నల్లజాతివారే. మాండొలినులు, బాంజోలతోపాటు గిటారులును ఆ వేదికపై మ్రోగెను. డగ్లస్ మరణించి అప్పటికి ఇరువదియాఱేండ్లు. బ్రతికియుండినచో ఆయనకు అఱువదియైదేండ్లకు మించియుండవు. తనవారు ఆ వేదికపై వాయించుట విని యుండెడివాడు.

గిటారు మాట యెందుకు తెచ్చితినో ఇప్పుడు చెప్పవలెను. డగ్లస్ ఫిడేలునందే గాక గిటారునందును నేర్పరి. ఆ వాద్యముకొఱకు పెక్కు కృతులు రచించెనని 1878లో వెలువడిన జేమ్స్ ట్రాటర్ గ్రంథమువలన తెలియుచున్నది. ఆ గ్రంథముననే అచ్చైన పియానోకృతి యొక్కటి తప్ప, ఆయన రచనలేవియు మనకు దక్కలేదు. సంగీతనాటకము పోయెను, గిటారుకృతులును పోయెను. అగ్నియో వఱదయో వానిని నశింపజేసిన దనుటకు ఆధారములేదు. వాయించు సభలేదు, అచ్చువేయు వర్తకుడు లేడు, దాచు భాండాగారము లేదు. తలుపు మూయబడినచోట కాగితము నశించుటకు కాలమే చాలును.

మఱియొక గిటారును చూడుడు. స్పెయిను దేశపు ఆంద్రే సెగోవియా 1893లో జన్మించెను. పానశాలలలో పాటకు తోడుగా వాయించుటకే తగినదని పలువురు చులకనచేసిన ఆ వాద్యమును ఆయన మహాసభలకు ఎక్కించెను. 1912లో మాడ్రిడ్‌లో మాన్యుయెల్ రామిరెజ్ కార్ఖానాయందు తయారైన గిటారును, 1937లో మ్యూనిక్ నగరమున హెర్మన్ హౌసర్ చేసిన గిటారును ఆయన చిరకాలము వాయించెను. ఆ రెండును 1986లో మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలకు చేరెను. నేడవి అచ్చట పూజ్యవస్తువులవలె భద్రముగా నున్నవి. సెగోవియా దీనికి సర్వవిధముల అర్హుడు. ఆయన గిటారులను చూచి సంతోషింపవలసినదే. కాని వానిని చూచునపుడు, అదే నగరమున ఒకప్పుడు వాయింపబడి, నేడు ఒక్క స్వరమైనను మిగులని మఱియొక గిటారును తలంపకుండుట న్యాయముకాదు. ప్రదర్శనశాలలో నున్నవి మానవజాతి సాధించిన వన్నియు కావు. తలుపు దాటి లోనికి రాగలిగినవి మాత్రమే.

మానెస్ తన యెనుబదియొకటవయేట, 1947లో, ఈ సభలను ముగించెను. 1959లో మరణించెను. 1954లో ప్రదర్శనశాలయందే ప్రత్యేక సంగీతమందిరము వెలసెను. అందు సుఖమైన ఆసనములు గలవు, శ్రావ్యత మెఱుగు. దానితో టిక్కెట్టును వచ్చెను. ఇక ప్రదర్శనశాల ప్రవేశమునకు 1970 మొదలు ఎవరికి తోచినది వారు చెల్లించు పద్ధతి యుండెను. 2018 మార్చి 1వ తేదీనుండి ఇతర ప్రాంతములవారికి రుసుము నిర్ణయించిరి. న్యూయార్కు రాష్ట్రవాసులకును, పొరుగున నున్న రెండు రాష్ట్రముల విద్యార్థులకును మాత్రము పాతపద్ధతియే నిలిపిరి. వ్యయము పెరిగినదని నిర్వాహకులు చెప్పిరి. అందు అబద్ధమేమియు లేదు. అయినను ఒకసారి తీసిన తాళము తిరిగి పడవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఉచితముగా కళను పంచువారు తాము దాతలమని తలంచినచో, వ్యయము పెరిగిననాడు మానుకొనుటకు వారికి స్వాతంత్ర్యము గలదు. తాము ఋణస్థులమని తలంచినచో ఆ స్వాతంత్ర్యము లేదు. తానొక్కడే తన ప్రయత్నముచేతనే విద్వాంసుడైనవాడు ఎవడును లేడు. మనకు పాఠముచెప్పి, తాము వేదిక యెక్కజాలక మరణించిన డగ్లస్‌లు ప్రతిదేశమునను గలరు. వారి ఋణము వారికి తీర్చుటకు వీలులేదు, వారు లేరు. తలుపువద్ద నిలిచియున్న వారికి తీర్చవలెను. మానెస్ ముప్పదియేండ్లు చేసినది ఇదియే. శనివారపు రాత్రి ఆ మెట్లమీద కూర్చుండి వినిన కూలివాడు డగ్లస్ పేరు వినియుండడు. కాని ఆయన నేర్పిన విద్యనుండి తన పాలు తాను పుచ్చుకొనియే ఇంటికి పోయెను.