అమెరికస్ నుంచి ఖమ్మం దాకా

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అమెరికస్ అనే చిన్న పట్టణం దగ్గర 1942లో క్లారెన్స్ జోర్డాన్ ఒక పొలం కొన్నారు. ఆయన వ్యవసాయం చదివినవారు, గ్రీకు బైబిలు పండితులు. కొయినోనియా అని పేరు పెట్టిన ఆ పొలంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి పనిచేసేవారు, ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేసేవారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ రోజుల్లో ఇది సహించరాని నేరం. 1950లలో చుట్టుపక్కలవాళ్లు కొయినోనియాను వెలివేశారు. సరుకులు అమ్మేవాళ్లు లేరు, వాళ్ల పంట కొనేవాళ్లు లేరు. ఇళ్ల మీదికి తుపాకి గుళ్లు వచ్చేవి. దారి పక్కనున్న వాళ్ల దుకాణాన్ని బాంబు పెట్టి పేల్చేశారు. పికాన్ పప్పులను పోస్టులో అమ్ముకుంటూ ఆ కొద్దిమంది నిలదొక్కుకున్నారు.

పరాయి దేశాలకు వెళ్లి పేదలకు ఇళ్లు కట్టే ఉద్యమాల్లో పేరుమోసిన ‘హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ వేళ్లు ఈ పొలంలోనే ఉన్నాయి.

దాన్ని స్థాపించిన మిలార్డ్ ఫుల్లర్ అలబామా లాయరు. ముప్పై ఏళ్లు నిండకముందే లక్షల డాలర్లు గడించారు. కాపురం విడిపోయే దాకా రావడంతో, భార్య లిండాతో మాట్లాడుకుని ఆస్తినంతా పంచిపెట్టేశారు. 1965లో కొయినోనియాకు వచ్చారు. పొలం చుట్టూ కూలీ కుటుంబాలు కూలిపోయేలా ఉన్న గుడిసెల్లో బతుకుతున్నాయి. బ్యాంకులు వాళ్లకు అప్పివ్వవు. 1968లో జోర్డాన్, ఫుల్లర్ కలిసి ఒక పద్ధతి ఆలోచించారు. లాభం చూసుకోకుండా ఇల్లు కట్టాలి. ఇంటివాళ్లు కూడా చేయి వేయాలి. వడ్డీ లేని వాయిదాల్లో సొమ్ము తీర్చాలి. అలా వచ్చిన డబ్బుతో పక్క కుటుంబానికి ఇల్లు లేవాలి. ఈ మొత్తం కథలో అసలు గొప్పతనం ఈ వాయిదాలదే. దానం తీసుకున్నామన్న భారం లేకుండా, తన కష్టంతో తీర్చుకున్న ఇంట్లో మనిషి తలెత్తుకుని ఉంటాడు.

మొదటి ఇల్లు పూర్తికాకముందే, 1969 అక్టోబరులో, జోర్డాన్ కన్నుమూశారు.

ఈ పద్ధతి పరాయి దేశంలో పనిచేస్తుందా? తేల్చుకోవడానికి 1973లో ఫుల్లర్ పిల్లాపాపలతో సహా జైర్ దేశానికి, అంటే నేటి కాంగోకు, వెళ్లారు. కాంగో నది ఒడ్డునున్న ఎంబండాకాలో మూడేళ్లు కాపురం పెట్టి, సిమెంటు దిమ్మెలతో ఇళ్లు కట్టించారు. తిరిగొచ్చాక 1976లో హ్యాబిటాట్‌ను స్థాపించారు. మరో ఏడేళ్లకు ఆ సంస్థ మన దేశంలో అడుగుపెట్టింది. 1983లో భారతదేశంలో దాని పని మొదలైంది మన ఖమ్మంలోనే! తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది.

ప్రపంచమంతా హ్యాబిటాట్ పేరు వినేలా చేసింది మాత్రం అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. 1984లో ఆయన న్యూయార్క్‌లో ఒక పాడుబడ్డ భవనాన్ని బాగుచేయడానికి సుత్తి పట్టారు. ఆ తర్వాత ఏటా ఒక వారం ఈ పనికే కేటాయించేవారు. 2006లో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర మాలవలీకి భార్య రోజలిన్‌తో వచ్చారు. వారం రోజుల్లో 100 ఇళ్లు కట్టడం అక్కడి లక్ష్యం. కార్టర్ కుటుంబానికి ఆ ప్రాంతం కొత్త కాదు. ఆయన తల్లి లిలియన్ 68 ఏళ్ల వయసులో అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ తరఫున బొంబాయి దగ్గరి విక్రోలీకి వచ్చి, దాదాపు రెండేళ్లు నర్సుగా సేవ చేశారు.

తల్లి రెండేళ్లు, కొడుకు వారం. ఈ తేడాను తేలిగ్గా తీసేయలేం. కొద్ది రోజుల కోసం పరాయి దేశం వెళ్లి ఇళ్లు కట్టడం ఎంతవరకు మేలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. 1998 అక్టోబరు చివర్లో మిచ్ తుపాను మధ్య అమెరికాలోని హోండురాస్‌ను తుడిచిపెట్టింది. ఉత్తర అమెరికా నుంచి ఎన్నో స్వచ్ఛంద బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. అక్కడే ఉండి పరిశోధన చేస్తున్న కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త తర్వాత లెక్క తీశారు. ప్రయాణ ఖర్చులు కలుపుకుంటే విదేశీ బృందం కట్టిన ఇంటికి సుమారు 30,000 డాలర్లు అయ్యాయి. స్థానికులు కట్టిన ఇంటికి అయింది సుమారు 2,000. ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఆ కుటుంబాల బతుకుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఆయనకు కనిపించలేదు. విదేశీ బృందం ఒక్క ఇంటికి పెట్టిన ఖర్చుతోనే అక్కడి మేస్త్రీలకు పని దొరికేది, మరో పద్నాలుగు ఇళ్లు లేచేవి.