కార్బన్ లెక్కలో ప్రాణం ఖరీదు



కార్బన్ డయాక్సైడ్ వల్ల జాతీయాదాయంలో ఇంత శాతం నష్టం అనే వార్త మనం తరచూ చదువుతాం. ఆ శాతంలో చనిపోయిన మనిషిని ఎంతకు లెక్కగడతారు? ఈ వారం ఆ చరిత్ర చెప్పుకుందాం.

ఐక్యరాజ్యసమితికి వాతావరణ మార్పు మీద నివేదికలిచ్చే నిపుణుల సంఘం ఐపీసీసీ. దాని రెండో నివేదిక 1995లో తయారైంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఏటా ప్రపంచ ఆదాయంలో 1.5 నుంచి 2 శాతం నష్టమని అందులో అంచనా వేశారు. సంపన్న దేశాలకు 1 నుంచి 1.5 శాతం, పేద దేశాలకు 2 నుంచి 9 శాతం. పొగ ఎక్కువగా వదిలింది వాళ్లు, దెబ్బ ఎక్కువగా తగిలేది మనకు. ఇంతవరకు తెలిసిన కథే.

అసలు సంగతి ఆ శాతం లోపల ఉంది. పంట పోతే మార్కెట్ ధర ఉంది. ఇల్లు కూలితే కట్టిన ఖర్చు ఉంది. ప్రాణం పోతే? బ్రిటిష్ ఆర్థికవేత్త డేవిడ్ పియర్స్, మరికొందరు రాసిన అధ్యాయంలో సంపన్న దేశపు ప్రాణానికి 15 లక్షల డాలర్లు, పేద దేశపు ప్రాణానికి లక్షన్నర డాలర్లు వేశారు. వాళ్ల ప్రాణం ఒక్కటి మన ప్రాణాలు పదింటితో సమానం!

ఇది మనిషి విలువ కాదు, ప్రమాదం తప్పించుకోవడానికి జనం పెట్టగలిగే ఖర్చు మాత్రమే అన్నది వాళ్ల సమర్థన. కూలి మనిషి ఆ ఖర్చు పెట్టలేనిది ప్రాణం మీద తీపి లేక కాదు, చేతిలో డబ్బు లేక. ఈ లెక్క ప్రకారం చచ్చేవాళ్లలో పేదలు ఎంత ఎక్కువైతే నష్టం అంత చిన్నగా కనిపిస్తుంది. నష్టం చిన్నదైతే పొగ తగ్గించడం దండగ అని తేల్చేయొచ్చు.

మనకిది కొత్త లెక్కేమీ కాదు. మనుస్మృతి 11వ అధ్యాయం తీయండి. బ్రాహ్మణుణ్ని చంపితే చేయాల్సిన ప్రాయశ్చిత్తంలో క్షత్రియుడికి నాలుగో వంతు, వైశ్యుడికి ఎనిమిదో వంతు, శూద్రుడికి పదహారో వంతు. ఆ వరుసలో అవర్ణుల ఊసే లేదు. అక్కడ కొలబద్ద పుట్టుక, ఇక్కడ ఆదాయం.

1995లో భారత పర్యావరణ మంత్రి కమల్‌నాథ్ ఈ లెక్కను తిరస్కరిస్తూ ఇతర దేశాల ప్రతినిధులకు లేఖ రాశారు. పెద్ద గొడవే నడిచింది. ప్రాణాలకు ఎలా విలువ కట్టాలో ఏకాభిప్రాయం లేదని ప్రభుత్వాలు ఆమోదించిన సారాంశంలో రాయక తప్పలేదు. అధ్యాయంలో అంకెలు మాత్రం ఉండిపోయాయి.

ప్రపంచం ముందు మన ప్రభుత్వం వాదించింది న్యాయమే. మరి ఇంట్లో? 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది దీని గురించే. ఓటుకు సమాన విలువ ఇచ్చి, సామాజిక, ఆర్థిక జీవితంలో మనిషికి సమాన విలువ నిరాకరిస్తున్నామన్నారు.

2015 మే నెల గుర్తు చేసుకోండి. వడగాలులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. మిట్టమధ్యాహ్నం ఎండలో పనిచేసేది ఎవరు? పొలం కూలీలు, ఉపాధి పనివాళ్లు, ఇటుక బట్టీల వాళ్లు. అప్పటికి కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో వడగాలులు లేనేలేవు. ఈ చావులతో జాతీయాదాయం అంకె కదిలిందా?

2018లో ఒక అంతర్జాతీయ పరిశోధన దేశాలవారీగా లెక్క వేసింది. గాలిలోకి వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల భారత్‌కు 86 డాలర్ల నష్టం, అమెరికాకు 48. అన్ని దేశాల్లోకీ మనదే ఎక్కువ. రేపు ఏ సదస్సులోనైనా మన దేశం ఆ 86 చూపించి పరిహారం అడగొచ్చు. అడగాలి కూడా. కానీ ఆ నష్టం ఏ వాడ మీద పడింది, పరిహారం ఏ వాడకు చేరుతుంది? జాతీయాదాయం అన్న మాటలో జాతి ఉంది, వాడ లేదు.

అందుకే మన డిమాండ్ ఒక్కటే. ప్రతి వడదెబ్బ మరణం నమోదులో కులం, చేసిన పని, భూమి వివరాలు ఉండాలి. లెక్కలోకి రాని ప్రాణానికి న్యాయం అడగలేం.

మిగతాది వచ్చే వారం.