మంచు గొలుసులు (ఆల్ వీల్ డ్రైవ్ వాహనాలు)

మంచు పేరుకున్న రోడ్డుపై పట్టు కోసం టైర్లకు చుట్టే ఉక్కు గొలుసులు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హ్యారీ వీడ్ వీటికి 1904లో పేటెంట్ పొందాడు.

ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే బండికి గొలుసులెందుకన్న భ్రమ చాలామందిలో ఉంది, అది ప్రమాదకరం. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆపేది మాత్రం టైరు పట్టే.

కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండల్లో గొలుసులపై మూడంచెల నిబంధన ఉంది. రెండో అంచె ఆర్-2లో నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు మినహాయింపు ఉన్నా, గొలుసులు వెంట ఉండాల్సిందే. మూడో అంచె ఆర్-3లో ఎవరికీ మినహాయింపు లేదు. బే ఏరియా నుంచి ఆ కొండల్లోని టాహో సరస్సుకు వెళ్లే తెలుగు కుటుంబాలు ఇది తెలుసుకోవాలి.

ఏ చక్రాలకు బిగించాలో బండి మాన్యువల్‌ చెబుతుంది. సాధారణంగా నాలుగింటికీ వేయడం మేలు. కానీ చక్రానికీ సస్పెన్షన్‌కూ మధ్య సందు చాలక కొన్ని కంపెనీలు ముందు చక్రాలకే అనుమతిస్తాయి. గొలుసును చిక్కులు తీసి, కొక్కేల మొనలు టైరుకు గుచ్చుకోకుండా బయటికి తిప్పి పరచాలి. మొదట లోపలి కొక్కెం, తర్వాత బయటిది. కొద్ది దూరం నడిపి, ఆగి, మళ్లీ బిగించాలి. తొలిసారి ఎంత గట్టిగా లాగినా చక్రం తిరిగాక వదులవుతుంది. వేగం గంటకు 30 మైళ్లు దాటకూడదు. మంచులేని రోడ్డు రాగానే విప్పేయాలి. ఇంటి దగ్గర, పొడి నేలమీద ఒకసారి బిగించి చూసుకున్నాకే బయలుదేరండి.