వేదిక ఎవరిది? - 9: తాజ్ బాల్‌రూమ్‌లో యుద్ధకాలం

ఈసారి బొంబాయి సముద్రపు ఒడ్డుకి వెళ్దాం. అపోలో బందర్ దగ్గరి తాజ్ మహల్ హోటల్‌కి.

1935లో లియాన్ అబ్బే అనే నల్లజాతి అమెరికన్ తన జాజ్ బృందంతో అక్కడ దిగాడు. ఆ తర్వాత ట్రంపెట్ వాయించే క్రికెట్ స్మిత్, పియానో వాయించే టెడ్డీ వెదర్‌ఫర్డ్ వచ్చారు. సొంత దేశంలో ఎన్నో హోటళ్ళలో గది కూడా దొరకని మనుషులు ఇక్కడ మహారాజుల చేత, తెల్లదొరల చేత స్టెప్పులు వేయించారు. అదే 1935 అక్టోబరులో, అదే బొంబాయి రాష్ట్రంలోని యెవలాలో, హిందువుగా మాత్రం చనిపోనని బాబాసాహెబ్ ప్రకటించారు. ఈ రెండు విషయాలు మన పుస్తకాల్లో ఒక పేజీలో ఎప్పుడూ కనిపించవు.

1939లో యుద్ధం వచ్చింది. ఓడలు సైన్యానికి పోయాయి, కొత్త విదేశీ బృందాల రాక ఆగింది. ఇంకోపక్క ఊరినిండా సైనికులు. వాళ్ళకి రోజూ డాన్స్ కావాలి, రోజూ బ్యాండ్ కావాలి. తాజ్‌లో 1939లోనే మిక్కీ కొర్రియా బృందం కుదిరింది, 1960 దాకా అక్కడే వాయించింది. అంతకుముందు పక్క కుర్చీల్లో వాయించిన గోవా వాళ్ళు నడిమధ్యకి వచ్చారు. ఎవరి ఉదారతా కాదు. అవసరం తలుపు తీసింది, అంతే.

కానీ సిద్ధంగా ఉన్నది గోవా వాళ్ళే, ఎందుకు? అక్కడి చర్చి బడులు పిల్లలకి నొటేషన్ చదవడం, వయొలిన్ పట్టడం నేర్పేవి. కులం చూసి విద్య చెప్పే సంప్రదాయం పక్కన దీన్ని పెట్టి చూడండి. అలాగని గోవా చర్చిలో కులం లేదనుకోకండి. బామణ్, చార్దో, సుదిర్ అన్న పేర్లతోనే ఉంది.

ఆల్డోనా గ్రామపు ఆంటోనియో జేవియర్ వాజ్ 'చిక్ చాకొలేట్' పేరుతో ట్రంపెట్ పట్టాడు. దూరాన ఉన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని గురువు చేసుకున్న ఏకలవ్యుడు!

వెదర్‌ఫర్డ్ మాత్రం యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్‌కి చేరాడు. అక్కడికొచ్చిన అమెరికన్ సైన్యంలో నల్లవాళ్ళ దళాలు వేరు, తెల్లవాళ్ళ దళాలు వేరు. వాళ్ళ అంటరానితనం ఓడెక్కి మన అంటరానితనం దగ్గరికే వచ్చింది. 1945 ఏప్రిల్‌లో కలరా సోకి అతను కలకత్తాలోనే చనిపోయాడు. వయసు 41.

యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్ళారు, 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చింది. డాన్స్ హాళ్ళలో పని తగ్గిన గోవా వాద్యకారులు సినిమా స్టూడియోలకి నడిచారు. చిక్ చాకొలేట్ సి. రామచంద్రకి సహాయకుడయ్యాడు. 1951 నాటి 'అల్బేలా' పాటల్లో ఆ బాల్‌రూమ్ ఊపు ఇప్పటికీ వినిపిస్తుంది. టైటిళ్ళలో సంగీత దర్శకుడి పేరు పెద్దక్షరాల్లో పడేది. నొటేషన్ రాసి, వాద్యాలన్నీ కూర్చిన అరేంజర్ పేరు చాలాసార్లు పడేదే కాదు.