బందరులో బస ఎన్నాళ్లు?

నాలుగు వందల ఏళ్ల కిందట బందరులో ఎన్నాళ్లు ఉండాలో తేల్చుకోవడం వచ్చినవాళ్ల చేతిలో ఉండేది కాదు. గాలి తేల్చేది. గాలి అనుకూలించినా గుడ్డ తయారై ఉండాలి. రెండూ కుదిరితేనే ఓడ లంగరెత్తేది. ఇప్పుడు బెజవాడలో పొద్దున్నే బస్సెక్కితే రెండు గంటల్లో బందరు. మంగినపూడి వెళ్లి సముద్రం చూసి, తొక్కుడు లడ్డు పొట్లం కట్టించుకుని, చీకటి పడకముందే తిరుగు బస్సెక్కొచ్చు. చాలామంది చేసేదదే. "పెద్దమ్మా, బందరుకు ఒక పూట చాలదా?" అని మా చెల్లెలి పిల్లలూ అడుగుతుంటారు. నేను ఈ ఊరి దగ్గర్లోని పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్ల ఇంట పుట్టాను, బందరులో పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఒక పూట చాలదని చెప్పడానికి నాకు ఈ రెండు వైపుల నుంచీ కారణాలున్నాయి.

ముందు గాలి సంగతి. గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు వాకిలి బందరు. తీరం దగ్గర లోతు లేదు. పెద్ద ఓడలు దూరాన్నే ఆగేవి, సరుకంతా పడవల మీద ఒడ్డుకు చేరేది. 1618 నుంచి 1622 దాకా ఇక్కడి ఇంగ్లీషు వర్తకుల్లో ఉన్న విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ గురించి రాసిన వివరాల్లో ఈ రేవు ఏడాది లెక్క ఉంది. అరకాను, పెగూ, తెనాసెరిం వైపు పోయే ఓడలు సెప్టెంబరులో బయలుదేరి ఏప్రిల్‌కు తిరిగొచ్చేవి. ఎర్రసముద్రంలోని మోకా రేవుకు పోయేవి జనవరిలో కదిలి సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చేవి. నైరుతి గాలి, ఈశాన్యపు గాలి మారే వేళల్ని బట్టి ఏర్పడిన లెక్క ఇది. అక్టోబరు దాటితే తుపాన్ల భయం. ఏప్రిల్‌లో తూర్పు నుంచి దిగిన వర్తకుడు మళ్లీ అటే పోవాలంటే సెప్టెంబరు దాకా ఆగాల్సిందే. వేసవి ఉక్క, వానాకాలపు జ్వరాలు అన్నీ ఈ ఊళ్లోనే గడపాలి.

గ్లోబ్ అనే ఓడ కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పంపిన ఈ ఓడ ఆగస్టులో మన తీరానికొచ్చింది. అందులో పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంతునిస్ అనే ఇద్దరు డచ్చి వర్తకులున్నారు. వాళ్లు తెచ్చిన సొమ్మంతా ఇక్కడి గుడ్డ కోసం. ఆ గుడ్డ ఇంగ్లండుకు కాదు, సయాము, మలయా తీరాల్లో అమ్మడానికి. అక్కడివాళ్లు ఏ రంగు, ఏ అంచు, ఏ కొలత అడుగుతారో తెలుసుకుని నేయించి అద్దించాలి. ఓడ మళ్లీ కదిలింది 1612 ఫిబ్రవరిలో. తూర్పున వ్యాపారం ముగించుకుని 1613 డిసెంబరులో తిరిగొచ్చినప్పుడైతే దాదాపు ఏడాది ఆగింది.

అంతకాలం ఎందుకు పట్టేదో నాకు పుస్తకాల కంటే ముందు ఇంట్లోనే తెలిసింది. కోరా గుడ్డకు ముందు గంజి పోవాలి. పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి మళ్లీ తడుపుతూ తెల్లబరచాలి. తర్వాత కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. నల్లరంగుకు తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం కలిపి కుండలో వారాల తరబడి పులియబెట్టాలి. ఎర్రరంగు పని మరీ ఓపికది. టేకు అచ్చుతో పటిక నీళ్లు అద్దినప్పుడు గుడ్డ మీద ఎరుపు కనిపించదు. అద్దిన గుడ్డ కొన్నాళ్లు ఆరాలి. మూడు రోజులకు తగ్గితే మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఆ తర్వాత పారే కాలవలో ఝాడించి, రాగి కాగులో రంగుతో పాటు జాజాకు వేసి ఉడికిస్తే అప్పుడు పటిక ఉన్న చోటల్లా ఎరుపు పైకొస్తుంది. వానలకు కాలవ నీళ్లు మురికైనా, మబ్బు పట్టి ఎండ రాకపోయినా పని ఆగిపోయేది. పూర్వం ఈ ఎరుపుకు చిరివేరు వాడేవారు. పేటపోలు, అంటే ఇప్పటి నిజాంపట్నం వైపు ఇసుక నేలల్లో తవ్విన వేరుకు అంతటా పేరుండేది. ఇప్పుడు కాగులో వేరుకు బదులు అలిజరిన్ వేస్తున్నారు. కానీ కడగడం, ఆరబెట్టడం, ఉడకబెట్టడం మారలేదు.

ఈ రెండు ఆలస్యాల మధ్యే బందరు చరిత్రలో పెద్ద మలుపు దాగి ఉందని నా నమ్మకం. ఓడ వచ్చాక గుడ్డ కొనబోతే ధర పెరుగుతుంది, కోరిన రకం దొరకదు. ఓడ లేని నెలల్లోనే నేతగాళ్లకు, అద్దకం వాళ్లకు బయానాలిచ్చి, సరుకు గోదాముల్లో పోగేసిన వర్తకుడికి లాభం. అందుకే ఓడలు వెళ్లిపోయినా మనుషుల్ని ఇక్కడే ఉంచడం మొదలైంది. డచ్చివాళ్లు 1605లోనే స్థావరం పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో గోల్కొండ ఫర్మానాతో ఫ్రెంచివాళ్లు. పారశీకులూ ఆర్మేనియన్లూ అప్పటికే ఇక్కడ వ్యాపారం చేస్తున్నారు. అద్దె ఇల్లు గోదామైంది, గోదాముకు కాపలా వచ్చింది, కాపలాకు గోడ లేచింది. 1750లో ఫ్రెంచి సైన్యం బందరును పట్టుకుంది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రి దాడితో కోటను ఇంగ్లీషువాళ్లకు గెలిచిపెట్టాడు. నిజాం సలాబత్ జంగు ఆ వెంటనే చుట్టుపక్కల సీమను వాళ్లకు రాసిచ్చాడు. గాలి మారేదాకా ఆగుదామని మొదలైన బస చివరకు రాజ్యమైంది. ఓడల కాలపట్టిక తెలియకుండా ఈ వరస అర్థం కాదు. పిల్లలకు తేదీల కంటే ముందు ఈ పట్టికే చెప్పేదాన్ని.

అందరి గడువూ గాలితోనే తీరలేదు. ఊళ్లోని డచ్చివాళ్ల సమాధుల దగ్గర నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, లోతుగా చెక్కిన అక్షరాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో ఇక్కడే కన్నుమూసినవాళ్ల ఊరు పేర్లు, వయసులు ఆ రాళ్లే చెబుతాయి. తొందరగా చూస్తే అవి నగిషీ రాళ్లు. ఒక్కొక్క రాయి ముందు కూర్చుని వయసు లెక్క కడితే, లోకమంతా కోరుకున్న ఆ గుడ్డల ఖరీదులో ఈ ప్రాణాలూ ఉన్నాయని తెలుస్తుంది.

పాత బందరు కళ్లకు కనబడకపోవడానికీ కారణముంది. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. వ్యాపారం మద్రాసు వైపు జరిగింది. రేవు పూడుతూ వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం ఊరి మీదికొచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారు. ఇళ్లు పోయాయి, వీధులు పోయాయి. అందుకే ఇక్కడ వరసగా చూపించడానికి భవనాలు లేవు. కోటలో మిగిలిన గోడల్ని చూసి "ఇంతేనా" అని వెనుదిరిగే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పోయినదాన్ని ఎవరైనా పక్కన నిలబడి చెప్పాలి, వినడానికి తీరిక ఉండాలి.

ఓడలు పోయిన ఊరిలో మిగిలిన మన వాళ్లు ఏం చేశారో కూడా చూడాలి. 1902లో కృష్ణా పత్రిక ఇక్కడే పుట్టింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. 1923లో పట్టాభి ఆంధ్రా బ్యాంకు ఇక్కడే స్థాపించారు. పరదేశి కొలువులున్న రేవుపట్నం స్వదేశీ ఊరైంది. ఇది కాకతాళీయమని నేననుకోను. విదేశీ కంపెనీలు రైతు, నేతగాడు, అద్దకం పనివాడి మీద ఎంత లాభం తీశాయో బందరు కంటే దగ్గరగా చూసిన ఊళ్లు తక్కువ.

కాబట్టి నన్నడిగితే మూడు రాత్రులు ఉండమంటాను. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య రండి, ఎండ పనికొస్తుంది, తుపాను భయం తగ్గుతుంది. మొదటి రోజు నేరుగా పెడన పోయి పటిక అద్దిన గుడ్డ ఒకటి గుర్తుపెట్టుకోండి. అది ఆరేలోగా కోట, సమాధులు, జాతీయ కళాశాల నిదానంగా చూడండి. రోల్డుగోల్డు నగలు చేసే చిలకలపూడి, అక్కడి పాండురంగస్వామి గుడి, మంగినపూడి సముద్రం అన్నిటికీ వేళ ఉంటుంది. నాలుగో రోజు పెడన వెళ్లి, ఆ గుడ్డే కాగులోంచి ఎర్రగా పైకి రావడం చూసి బస్సెక్కండి. అంత వ్యవధి లేదంటారా? అయితే ఉన్న ఒక్క రోజూ పెడనకే ఇవ్వండి, మిగతావి ఇంకోసారి చూడొచ్చు. ఓడలను ఇన్ని నెలలు ఆపింది ఆ పనే. దాన్ని చూస్తే బందరు చరిత్ర సగం తెలిసినట్టే.