హెల్సింకీ నుంచి టోక్యోకి ఎన్ని గంటలు?

దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వస్తుందని హైస్కూల్లో చదువుకున్నాం. ఆ లెక్కలో ఒక వేరియబుల్ వదిలేశారు: మధ్యలో ఉన్న ఆకాశం ఎవరిది?

హెల్సింకీ-టోక్యో సంగతే చూడండి. గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే సుమారు 7,800 కిలోమీటర్లు. ఆ దారం దాదాపు అంతా రష్యా మీదుగానే పోతుంది. చిక్కల్లా అక్కడే.

ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో సోవియట్ యూనియన్ తన సైబీరియా మీదుగా పాశ్చాత్య విమానాలని మామూలుగా పోనిచ్చేది కాదు. 1970 నుంచి మాస్కోలో దిగి వెళ్ళే కొన్నిటికి మాత్రం మినహాయింపు. అందుకే స్కాండినేవియా వాళ్ళ ఎస్ఏఎస్ 1957లో కోపెన్‌హేగన్ నుంచి ఉత్తరధ్రువ ప్రాంతం మీదుగా అలాస్కాలోని యాంకరేజ్ చేరి, అక్కడ ఇంధనం నింపుకుని టోక్యో వెళ్ళే సర్వీసు మొదలుపెట్టింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. యాంకరేజ్ మన కాజీపేటలాగా పెద్ద జంక్షనై కూర్చుంది. 1983 ఏప్రిల్లో ఫిన్నెయిర్ డీసీ-10 విమానం ధ్రువం మీదుగా వెళ్ళి, బేరింగ్ జలసంధి దాటి, ఎక్కడా ఆగకుండా టోక్యో చేరింది. పట్టిన సమయం 13 గంటల పైనే.

గీత దాటితే ఏమవుతుందో అదే ఏడాది తెలిసొచ్చింది. సెప్టెంబరు 1న యాంకరేజ్ నుంచి సియోల్ వెళ్తున్న కొరియన్ విమానం 007 దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి పోయింది. ఆటోపైలట్ సరైన మోడ్‌లో లేదని తర్వాత విచారణలో తేలింది. యుద్ధవిమానం దాన్ని కూల్చేసింది. 269 మంది చనిపోయారు.

సోవియట్ పట్టు సడలాక సైబీరియా దారి తెరుచుకుంది. ఊరికే కాదులెండి, యూరప్ కంపెనీలు ఏరోఫ్లోట్‌కి డబ్బు కట్టేవి. అయినా గిట్టుబాటే, ఎందుకంటే ప్రయాణం తొమ్మిదిన్నర గంటలకి దిగింది. ఆసియాకి దగ్గరి దారి మాదేనంటూ ఫిన్నెయిర్ తన వ్యాపారమంతా దీని మీదే కట్టుకుంది.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. యూరప్ రష్యా విమానాలకి ఆకాశం మూసింది, రష్యా కూడా అదే పని చేసింది. మార్చిలో ఫిన్నెయిర్ మళ్ళీ ధ్రువం మీదుగా ఎగిరింది. సమయం? మళ్ళీ సుమారు 13 గంటలు! 39 ఏళ్ళలో ఇంజన్లు మారాయి, కంప్యూటర్లు మారాయి, గంటలు మాత్రం మొదటికొచ్చాయి.

మనకీ ఇది కొత్తేం కాదు. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ మన విమానాలకి ఆకాశం మూశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు చుట్టుతిరిగి, ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో ఆగాల్సి వచ్చింది.

మన నెట్‌వర్క్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్యాకెట్ వెళ్ళేది ఎప్పుడూ దగ్గరి దారిలో కాదు, ఒప్పందాలున్న దారిలో. టెక్నాలజీ దూరాన్ని చెరిపేసిందని మన ఫీల్డులో తేలిగ్గా అనేస్తాం. చెరిపింది నిజమే, కానీ దారిలో ఉన్నవాళ్ళు ఒప్పుకున్నంత వరకే.

ధ్రువం దాటిన ప్రయాణికులకి ఫిన్నెయిర్ 1980లలో సర్టిఫికెట్లిచ్చేది. 2022లో మళ్ళీ ఇచ్చింది. దాచుకోడానికి బానే ఉంటుంది గానీ, ఆ కాగితం ఇచ్చే అవసరమే రాని రోజు రావాలని నా కోరిక.