గోదావరిమీది మూడు వంతెనలు

పూర్ణా మార్కెట్టులో అరటిగెల బేరమాడునప్పుడు గోదావరి మనకు తలపునకు రాదు. కాని కొవ్వూరు ప్రాంతమున కోసిన గెల విశాఖపట్టణము చేరవలెనన్న ఆ నదిని దాటవలసినదే. పూర్వము తూర్పుతీరమున రైలుమార్గము పడిన తరువాతను, రాజమహేంద్రవరమువద్ద కొన్ని సంవత్సరములు బండి దిగి పడవ యెక్కక తప్పలేదు.

1897లో ఆరంభమై 1900లో తెరవబడిన హేవలాక్ వంతెన ఆ బాధను తీర్చినది. నిర్మాణసారథి వాల్టన్. రాతిస్తంభములపై 56 అంతరములు. ఒక్కొక్కటి సుమారు 46 మీటర్లు. పంటకాలువమీద వేసిన తాటిదూలమును తొక్కినవారికి గర్డరు సంగతి చెప్పనక్కరలేదు. బరువు పడగనే నడుమ వంగును. పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము సాగును. పొడుగు పెరిగినకొలది వంపును పెరుగును. కావున స్తంభములు దగ్గరదగ్గరగా నిలుపవలెను. ఇసుకనదిలో స్తంభము నిలుపుట సామాన్యమా! బావివంటి గుల్లకట్టడమును కట్టి, లోపలి ఇసుకను తోడుచు, గట్టినేల తగులువరకు దింపవలెను. వంతెనల చరిత్ర చాలవరకు ఈ బావులను తగ్గించుకొను యత్నమే యని మేమందుము, ఇంజనీర్లు కోపగింతురేమో!

1974నాటి రెండవ వంతెనపై క్రింద రైలు, మీద రోడ్డు. ఇది ట్రస్సు. నాలుగు బద్దలను మూలలయందు ఒక్కొక్క మేకుతో బిగించి ప్రక్కకు నెట్టిన వాలిపోవును. మూడు బద్దల త్రికోణము వాలదు. అట్టి త్రికోణముల అల్లికలో ప్రతి బద్దయు లాగబడుటయో నొక్కబడుటయో కాని, వంగుట మిక్కిలి తక్కువ. అందుచేత అంతరము 91.5 మీటర్లకు పెరిగినది.

మూడవది 1997నాటి కాంక్రీటు కమానుల వంతెన. కాంక్రీటు ఒత్తిడికి ఓర్చును, లాగిన పగులును. కమాను బరువును ఒత్తిడిగా మార్చి చివరలకు పంపును గనుక ఆ రెంటికిని పొత్తు కుదిరినది. చిక్కేమన, ఆ చివరలు వెలుపలికి తన్నును. కొండలనడుమనైన బండలే ఓర్చును. నదినడుమ స్తంభమెట్లు ఓర్చును? ఉపాయము విల్లునందే యున్నది. నారి బిగించిన విల్లు విచ్చుకొనదు. ఇచట పట్టాలను మోయు అడుగుదూలములే నారి. వానిలో బిగించిన ఉక్కుతీగెలు ఆ లాగుడును భరించును. ఇట్టివి 28 విండ్లు, ఒక్కొక్కటి సుమారు 94 మీటర్లు.

ఆ సంవత్సరముననే హేవలాక్ వంతెనకు విశ్రాంతి లభించినది. కమానుల వంతెనమీద రైలు సాగునప్పుడు కిటికీకడ కూర్చున్నవారికి దాని రాతిస్తంభములు ప్రక్కనే కనబడును.